లాకుల బంగళాలో నవ్వు

ధవళేశ్వరం దాటాక కాలువ గట్టు మీద, లాకుల దగ్గర ఓ పాత బంగళా ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే అటు ఎవరూ వెళ్లరు. ఏడుపు వినపడుతుందని కాదు... లోపల్నుంచి ఓ పిల్ల నవ్వుతుంది. పకపకా, మనసారా నవ్వుతుంది. మా వైపు అంత హాయిగా నవ్వే పిల్లలు ఎక్కడా మిగల్లేదు గనక, అది దెయ్యమేనని అందరూ తేల్చేశారు.

అద్దె తక్కువని ఈ వేసవిలో అందులో సమ్మర్ క్యాంప్ పెట్టారు. పొద్దున ఫోనిక్స్, మధ్యాహ్నం అబాకస్, సాయంత్రం బొమ్మలు వేయడం, ఆపైన నాటకం. దెయ్యం సంగతి తల్లిదండ్రులకు తెలియక కాదు. చీకటి పడకముందే వదిలేస్తారా అని అడిగారు, ఏసీ ఉందా అని అడిగారు, చేర్పించేశారు.

మా వీధిలో బట్టల కొట్టు గణేష్‌బాబు కూతురు తేజస్వికి ఐదేళ్లు నిండలేదు. క్యాంపులో చేరాక ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. ముగింపు రోజు నాటకంలో ఉడత వేషం, ఒక్కటే మాట — "రాజుగారూ, నాకు భయం లేదు." అదీ పెదవి దాటడం లేదు. ఓ పొద్దున, రేపటికి చెప్పకపోతే వేషం ఇంకో పిల్లకిచ్చేస్తామన్నారు మేడమ్‌గారు. తల్లి రమాదేవి చూస్తే, నాటకానికి ద్రాక్షారామం నుంచి పుట్టింటి వాళ్లందర్నీ పిలిచేసింది.

ఆ సాయంత్రం పిల్ల ఇంటికి రాలేదు.

"పాప ఆటో ఎక్కలేదండి. మీరే తీసుకెళ్లారనుకున్నాను" అన్నాడు ఆటో వెంకన్న.

అప్పటికే చీకటి పడింది. గణేష్‌బాబు బండి తీసి గట్టు మీదకు పరిగెత్తించాడు. ఇక్కడ్నుంచి అతను నాకు చెప్పిన మాటలే... వేసవికి కాలువలకు నీళ్లు కట్టేసిన రోజులు, నీటి చప్పుడు కూడా లేదు. కరెంటు లేదు. క్యాంపు వాళ్లు తొందరగా వెళ్లిపోవాలన్న కంగారులో తలుపు దగ్గరికి వేసి పోయారు. దాని మీద చెయ్యి వేశాడు —

లోపల్నుంచి నవ్వు.

కాళ్లు వెనక్కి లాగాయట. కూతురు లోపల ఉందేమోనన్న భయం ముందుకు తోసింది. గోడ పట్టుకుని హాలు గుమ్మం దాకా వెళ్లాడు...

"రాజుగారూ, నాకు భయం లేదు."

తేజస్వి గొంతు. ఎంత స్పష్టంగా ఉందో. వెనకే మళ్లీ నవ్వు... అది తేజస్విది కాదు.

ఫోన్ లైటు వేశాడు. నేల మీద సుద్దతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు. ఒంటికాలి మీద తేజస్వి. ఒక్కత్తే ఉంది. కానీ చివరి గడిలో ఓ పెంకు ముక్క — దానంతటదే మెల్లగా జరిగి, గీత దాటింది.

"ఎవరమ్మా... ఇక్కడ?"

"అక్క, నాన్నా" అంది పిల్ల గుసగుసగా. "ఏమీ అడగదు. ఆడుకుంటుందంతే."

పిల్లని భుజాన వేసుకుని ఇంటికెలా వచ్చాడో అతనికే తెలీదు. చెమటలు కక్కుతూ జరిగిందంతా చెప్పాడు. రమాదేవి పిల్లని ఒళ్లోకి లాక్కుంది, దిష్టి తీసింది, విబూది పెట్టింది. తర్వాత చాలాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ... డైలాగు తప్పుల్లేకుండా చెప్పిందా?"

"చెప్పింది."

"అయితే ఆ అక్క టేబుల్స్ కూడా చెప్తుందేమో కనుక్కోలేకపోయారా?"

పిల్లకి మాట వచ్చిందని విని, వేషం తేజస్వికే ఉంచారు. అక్క సంగతి మాత్రం మర్నాటికి ఊరంతా పాకింది. చీకటి పడేసరికి బంగళా ముందు తల్లులు, పిల్లలు, బ్యాగులు, నీళ్ల సీసాలు. ఇన్నాళ్లూ దూరం నుంచే దణ్ణం పెట్టుకుని పోయినవాళ్లు కిటికీలోంచి పుస్తకాలు లోపలికి అందించారు. "మా వాడికి స్పెల్లింగులు కొంచెం చూడమ్మా" అని చీకట్లోకి చెప్పి వచ్చారు. రోజూ చెప్పారు.

నాటకం రోజు తేజస్వి ఉడత తోకతో స్టేజి మీద నిలబడింది. రాజుగారి వైపు చూడలేదు. అందరూ ఎంత బతిమాలినా ఒక్క మాటే అంది — "అక్క ఇప్పుడు ఆడుకోవట్లేదు."

క్యాంపు ఎత్తేశారు. మొన్న చీకటి పడ్డాక నేను ఆ గట్టు మీదుగానే వచ్చాను. బంగళాకు తాళం వేసి ఉంది. నవ్వు వినపడలేదు. హమ్మయ్య అనుకుని రెండడుగులు వేశానో లేదో... లోపల్నుంచి, సన్నగా, ఏడుపు దిగమింగుకుంటూ —

"టూ వన్స్ ఆర్ టూ... టూ టూస్ ఆర్..."

ఆగింది. ఓ వెక్కు వెక్కి, మళ్లీ మొదట్నుంచి అందుకుంది.