మెట్ల కింద గదిలో అయిదక్షరాలు

ఆ మెట్ల కింద గదికి పేరు చెడి నాలుగు నెలలైంది.

అంతకు ముందు అది మామూలు గదే. మూడంతస్తుల మేడ. వీధివైపు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. దాని వెనకాల, మెట్ల కింద, ఏటవాలు కప్పుతో ఒక ఇరుకు గది. నిటారుగా నిలబడితే నెత్తికి తగులుతుంది. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి నాలుగు ప్లగ్గులు. అందులో టైపాయన కూర్చునేవాడు. అడిగినవాళ్ళకి అర్జీలు, ఉత్తరాలు టైపు చేసి ఇచ్చేవాడు. ఒక సాయంత్రం ఎవరిదో అర్జీ సగం కొట్టి, కుర్చీలోనే తల వాల్చేశాడు. వేళ్ళు మీటల మీదే ఉన్నాయట.

అప్పటినుంచీ మొదలైంది.

రాత్రి పదకొండు దాటాక ఆ గది ముందునుంచి వెళ్తే — టక్... టక టక... టక్ — మీటలు కొడుతున్న చప్పుడు. తలుపుకి తాళం వేసే ఉంటుంది. లోపల కంప్యూటరు కూడా లేదు, ఆయన పెళ్ళాం పైకి, తమ ఇంటికి చేర్చేసింది. అయినా చప్పుడు ఆగలేదు. మేడ కాపలావాడు రెండుసార్లు విన్నాడు. మూడోసారి వినడానికి మనిషి లేడు, ఉద్యోగమే మానేశాడు. రెండో అంతస్తు పెద్దావిడ మాత్రం నిబ్బరంగా చెప్పేది — "సగంలో ఆగిన అర్జీ పూర్తి చేసుకుంటున్నాడమ్మా, పాపం."

అలాంటి గదిని రిపేరాయన తీసుకున్నాడు.

వీధి కొట్టు ఆయనదే. సామాను పెరిగి కాలు పెట్టే చోటు లేక, ఆ గది కూడా కలుపుకున్నాడు. ఎవరు వద్దన్నా వినలేదు. కొట్టులో ఆయనకి తోడు ఆయన బావమరిది. వాడు ఆ గది గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు కావలసినా గుమ్మం బయట నిలబడి చెయ్యి చాపేవాడు.

"నీకేం బావా, నీ మొహం చూస్తే దెయ్యమే దండం పెట్టి పక్కకి తప్పుకుంటుంది. నాలాంటి అందగాణ్ణి వదులుతుందా?"

"దెయ్యానికి నీతో ఏం పనిరా? ఒక్క పనైనా తిన్నగా చేస్తావా?"

గది తీసుకుని వారమైనా, రిపేరాయన రాత్రిపూట అందులో ఎప్పుడూ లేడు. తొమ్మిదికల్లా ఇంటికి పోయేవాడు. ఆ ఒక్క రాత్రి ఉండాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం టైపాయన భార్య వచ్చింది. మొదటి అంతస్తులో, సరిగ్గా ఆ గది మీదే వాళ్ళ ఇల్లు. బట్టలు కుడుతుంది. భర్త కంప్యూటరు పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగింది.

"అన్నయ్యగారూ, ఇందులో ఉన్నదంతా తీసేసి కొత్తగా చేసి ఇవ్వాలి. రేపు పొద్దున పదింటికి పిల్ల పరీక్ష దీంట్లోనే రాయాలి."

"ఎంతసేపమ్మా! పాతది చెరిపి మళ్ళీ విండోస్ ఎక్కిస్తే గంట పని."

"అలా కాదు." ఆవిడ గొంతు తగ్గించింది. "మళ్ళీ ఎవరూ వెనక్కి తెప్పించలేనట్టు చెరపాలి. ఒకసారి నేను తీసేశాను. పిల్ల రెండు రోజుల్లో మొత్తం తిరిగి తెచ్చుకుంది. దానికి ఆ విద్య వచ్చు."

"ఏముందమ్మా అందులో?"

"వాళ్ళ నాన్న గొంతు."

కూతురి కోసం టైపాయన పాఠాలన్నీ చదివి రికార్డు చేసి పెట్టాడు. చరిత్ర, సైన్సు, అన్నీ. మధ్యలో దగ్గుతాడు. 'ఇది ముఖ్యం, కింద గీత గీసుకో' అంటాడు. ఆయన పోయినప్పటినుంచీ పిల్ల రాత్రంతా అవి వింటూ కూర్చుంటోంది. ఆయన కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని ఆయనతో మాట్లాడుతున్నట్టు ఏదో కొడుతూ ఉంటుంది. తెల్లారగట్లకి గానీ కన్ను మూయదు. పోయిన వారం బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది.

"నిద్ర లేకపోతే పిల్ల దక్కదన్నాడు డాక్టరు," అంది ఆవిడ. "ఆయన ఎలాగూ దక్కలేదు. దీన్నైనా దక్కించుకోనివ్వండి."

"పిల్లకి తెలుసా?"

"వైరస్ పట్టిందని చెప్పాను."

రిపేరాయనకి ఆ మాట నచ్చలేదు. కానీ ఆవిడ కళ్ళు చూశాక కాదనలేకపోయాడు. పెట్టె అందుకున్నాడు.

అలా చెరపడమంటే డిస్కు మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాసుకుంటూ పోవాలి. ఆ డిస్కుకి నాలుగు గంటలైనా పడుతుంది. ఆ తర్వాత విండోస్ ఎక్కించాలి. చేతిలో ఉన్న పని తెమిలేసరికి పదిన్నర. వీధి షట్టరు దించేసే వేళ దాటిపోయింది.

"బావా, ఈ పూటకి దాన్ని ఇంటికి పట్టుకుపోదాం," అన్నాడు బావమరిది.

"తెర, తీగలు, అన్నీ మోసుకుని పోవాలా? ఇక్కడే కానిస్తాను. నువ్వు పో."

"అక్కయ్యకి ఏం చెప్పమంటావు?"

"పనుందని చెప్పు."

"సరే. రేపు నువ్వు రాకపోతే మాత్రం, నాకు నీ స్కూటరు ఇచ్చేశావని చెప్తాను." వాడు నవ్వుకుంటూ వెళ్ళాడు... నవ్వుతూనే గబగబా వెళ్ళాడు.

రిపేరాయన ఒంగి గదిలోకి వెళ్ళాడు. పెట్టెని బల్ల మీద పెట్టాడు. తన తెర తగిలించాడు, తన కీబోర్డు తగిలించాడు. చెరిపే ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవు గుచ్చి మీట నొక్కాడు.

ఫ్యాను గర్రుమంది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి.

ఈ డిస్కులో ఉన్నదంతా శాశ్వతంగా పోతుందని హెచ్చరిక. నిజంగా చెరిపేయాలనుకుంటే, ఇంగ్లీషులో 'ఎరేజ్' అని అయిదక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. పొరపాటున ఎవరి వేలో తగిలి కొంప మునగకుండా ఆ ఏర్పాటు.

వాచీ చూసుకున్నాడు. పదకొండు దాటి అయిదు నిమిషాలు.

మొదటి అక్షరం కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడోది కొట్టబోతుండగా... దానంతటదే ఒకటి వచ్చింది.

ఆయన కొట్టలేదు.

వచ్చింది ఆయనకి కావలసిన అక్షరమూ కాదు. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. ఒక్కొక్కటీ ఆగి ఆగి, ఆలోచించుకుంటూ వచ్చినట్టు వచ్చాయి. తర్వాత ఎంటర్ కూడా దానంతటదే పడింది. 'సరి కాదు, మళ్ళీ కొట్టండి' అంది తెర.

"మీట ఇరుక్కుంది," అన్నాడు పైకే. కీబోర్డు తిరగేసి దులిపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్క అక్షరం... రెండు...

మళ్ళీ అదే.

ఈసారి ఆయన కీబోర్డు వైరు పెరికేశాడు. చుట్ట చుట్టి బల్ల చివర పెట్టాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

తెర మీద గీత ఆరుతూ వెలుగుతోంది. ఆరుతూ... వెలుగుతూ...

అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాట.

నాన్నా.

రిపేరాయన కుర్చీ వెనక్కి జరిపాడు. లేవబోతే కప్పు నెత్తికి కొట్టుకుంది. అప్పుడే చెవిన పడింది — టక్... టక టక... టక్. మేడంతా చెప్పుకునే చప్పుడు. గోడలోంచో, కప్పులోంచో తెలియడం లేదు. ఒక్కో చప్పుడుకీ తెర మీద ఒక్కో అక్షరం.

ఉన్నావా.

"ఎవరు?" అన్నాడు. అన్నానని అనుకున్నాడు గానీ, నోట్లోంచి గాలే వచ్చింది.

మనిషి మొండివాడు కాబట్టి పరుగెత్తలేదు. కరెంటు తీగ లాగేద్దామని పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. వేలికి ఏదో తగిలింది. గోరంత ముక్క. నాలుగు సాకెట్ల మధ్య నల్లగా, ఉన్నదీ లేనిదీ తెలియకుండా ఉంది.

రిపేరాయన ఒంగి చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు.

వైరు లేని కీబోర్డు కొట్టిన అక్షరాల్ని పెట్టెకి అందించే ముక్క అది! టైపాయన కీబోర్డుది. ఆవిడ పెట్టె ఒక్కటే తెచ్చింది, కీబోర్డు పైనే ఉండిపోయింది. పని మొదలుపెట్టే ముందు పెట్టె వెనకాల ఏమేం తగిలి ఉన్నాయో చూసుకోవాలని బావమరిదికి రోజూ చెప్పే మనిషి, తానే చూసుకోలేదు. పిల్ల పైన చీకట్లో కూర్చుని ఆ మీటలు కొడుతుంటే, ఒక్క కప్పు కింద ఉన్న ఈ పెట్టె ఆ మాటలు అందుకుంటోంది. నాలుగు నెలలుగా మేడని ఝడిపిస్తున్న చప్పుడూ ఆ పిల్లదే. నేల మీద కూర్చుని కొడితే మెట్ల గోడ పట్టుకుని కిందికి దిగుతోంది!

గోరంత ముక్కని పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. పిల్లకి చూపించాలి కదా. దీపం ఆర్పకుండానే మెట్లెక్కాడు.

తలుపు ఆవిడే తీసింది. కుట్టుమిషను దగ్గర దీపం వెలుగుతోంది. "అయిపోయిందా అన్నయ్యగారూ?" అని గుసగుసగా అడిగింది.

ఆయన లోపలికి చూశాడు. గోడవారగా చాప మీద దుప్పటి గుట్ట. గుట్టలోంచి — టక్, టక్.

"తల్లీ," అన్నాడు. "కింద నా గుండె ఆగినంత పనైంది. నాన్నా ఉన్నావా అని నన్నెందుకమ్మా అడుగుతావు?"

దుప్పటి తొలిగింది. చిక్కిపోయిన మొహం, పెద్ద కళ్ళు. ఒళ్ళో కీబోర్డు.

"మీకెలా తెలుసు మావయ్యా?"

జేబులో ముక్క తీసి చూపించాడు. పిల్లకి చెప్పకుండానే అర్థమైంది. తెలివైన పిల్ల. ఆ వెనకే ఇంకోటి కూడా అర్థమైంది.

"వైరస్ కాదు కదూ? చెరిపేస్తున్నారు కదూ?"

పిల్ల తల్లివైపు తిరిగింది.

"అమ్మా! నాన్నని చెరిపేయమన్నావా?"

"నీ కోసమేనే..."

"నాకోసమా? నీకు వినబుద్ధి కాక!"

"వినబుద్ధి కాకనా?" అంది ఆవిడ. "నువ్వు బడికెళ్ళాక తలుపేసుకుని ఎన్నిసార్లు విన్నానో నీకేం తెలుసు? నాకే ఇలా ఉంటే నువ్వేమైపోతావోనని తీసేయమన్నాను."

రిపేరాయన నేల మీద కూలబడ్డాడు. మధ్యలో పడకూడదనుకున్నాడు గానీ, పిల్ల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి.

"ఇంకా చెరపలేదమ్మా," అన్నాడు. "చెరపను కూడా. కొత్త డిస్కు వేసి విండోస్ దాంట్లో ఎక్కిస్తాను. పాత డిస్కు ఊడదీసి అలాగే మీ అమ్మ చేతికిస్తాను. బీరువాలో దాచుకోండి. ఎప్పుడు వినాలో మీరిద్దరూ తేల్చుకోండి."

"ఒట్టు?"

"ఒట్టు."

"మీరూ దాని పక్షమేనా అన్నయ్యగారూ?" అంది తల్లి. అందే గానీ, కుట్టుమిషను మీద తల ఆనించి ఊపిరి వదిలింది. ఒక బరువు దించుకున్నట్టుంది.

"ఆ కీబోర్డు ఇలా ఇవ్వు. నీ దగ్గరుంటే పడుకోవు."

పిల్ల కాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత ఇచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. అన్నీ కలిసి పావుగంట కూడా కాలేదు.

మెట్లు దిగుతుంటే ఆయనకి హాయిగా ఉంది. పొద్దున బావమరిదికి చెప్పాలి. మేడంతటికీ చెప్పాలి. దెయ్యమూ లేదు, గాలీ లేదు, అదంతా ఒక పిల్ల బెంగ.

ఒంగి గదిలోకి అడుగు పెట్టాడు.

ఫ్యాను చప్పుడు లేదు.

తెర వెలుగుతోంది. తెర మీద ఒక మాట ఉంది — పూర్తయింది. దాని పక్కన నూరు శాతం.

రిపేరాయన కళ్ళు నులుముకున్నాడు. నాలుగు గంటలు పట్టే పని. పావుగంట. జేబు తడిమాడు. గోరంత ముక్క జేబులోనే ఉంది. బల్ల చివర తన కీబోర్డు, వైరు చుట్టినది చుట్టినట్టే ఉంది. పెట్టె వెనక్కి చెయ్యి పెట్టాడు... కరెంటు తీగ, తెర తీగ. కొట్టడానికి పనికొచ్చే వస్తువు ఆ పెట్టెకి ఒక్కటీ తగిలి లేదు.

ఒట్టు వేసి అయిదు నిమిషాలు కాలేదు. పిల్లకి ఏమని చెప్పాలి?

తల ఎత్తి తెర పైభాగం చూశాడు. సరికాని మాటలన్నీ వరసగా అలాగే ఉన్నాయి. తాను కొట్టబోయి చెడిన రెండు. ఆ కింద పిల్ల కొట్టినవి — నాన్నా. ఉన్నావా.

ఆ కింద ఆయన చూడని వరసలు ఇంకో రెండు.

పడుకో తల్లీ.

దాని కింద అయిదక్షరాలు, ఒక్క తప్పు లేకుండా. ఎన్నో ఏళ్ళు అదే పని చేసిన చేత్తో కొట్టినట్టు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు. ఆవిడే. గుమ్మం దగ్గర ఆగింది. గది లోపలికి చూడలేదు.

"అన్నయ్యగారూ..." అంది ఆవిడ. "పిల్ల పడుకుంది. మీరిలా మెట్లు దిగారో లేదో, ఎవరో పిలిచినట్టు తలెత్తింది. 'సరే నాన్నా' అని... అటు తిరిగి పడుకుంది."