మాటచెరుపు

"నొప్పి పుడుతుందా? మళ్లీ వస్తాయా? ఎండలోకి వెళ్లొచ్చా?" నూరేళ్ల కిందట అడిగినవే ఇప్పుడూ అడుగుతున్నారు జనం. జవాబు చెప్పేది మాత్రం మనిషి కాదు, గోడలోని యంత్రం. విశాఖలోని ఆ చర్మం డాక్టర్ క్లినిక్ వరండాలో పొద్దున్నుంచీ ఇదే గొడవ. "పుట్టదండీ, రావండీ, వెళ్లొచ్చండీ" అంటూ అది ఓపిగ్గా చెబుతూనే ఉంటుంది. విసుగంతా డాక్టర్ వకుళది.

విసుగెందుకు రాదు మరి? లేజర్ మొటిమల్ని తీసేసింది, గుంటల్ని పూడ్చేసింది. అయినా నున్నటి చెంపలతో వచ్చి "ఇక్కడ చూడండి డాక్టర్, మచ్చ!" అనేవాళ్లు తగ్గలేదు. ఏళ్ల తరబడి బుర్ర బద్దలుకొట్టుకుంటే వకుళకు తేలింది ఒక్కటే: మచ్చ చర్మం మీద లేదు. ఎప్పుడో ఎవరో అన్న మాట మెదడులో పాతుకుపోయింది. ఆ మాటను వెతికి, వినిపించి, సన్నని కాంతితో తుడిచేసే న్యూరో లేజర్‌ను ఆమే తయారుచేసింది. పేరు మాటచెరుపు. దానికో నియమం కూడా పెట్టింది. ఆ మాటను ముందు పేషెంట్ వినాలి, తుడవమని తనే చెప్పాలి.

ఇవాళ మాటచెరుపు కుర్చీలో పడుకున్నది ఆమె కూతురు నీలాంబరి. మొటిమలు ఎప్పుడో పోయాయి. అయినా పట్టుబట్టి మళ్లీ మళ్లీ చేయించుకున్న లేజర్‌కు చెంపలు ఉల్లిపొరలా పలచబడ్డాయి. ఇంకోసారి చేస్తే చర్మం నిలవదు. ఆ పిల్ల ముసుగు తియ్యదు, కాలేజీకి పోదు, అన్నం కూడా గదిలోనే. చూసి చూసి వకుళ గుండె చెరువైపోయింది.

"అమ్మా, ఇదైనా పనిచేస్తుందా?"

"చేస్తుందే తల్లీ. కళ్లు మూసుకో. ఆ మాట దొరికాక లేపుతాను."

పిల్లకు మత్తు ఎక్కింది. ఎవరన్నారో ఏమో, వాళ్ల నోట్లో మన్ను పడ, అని తిట్టుకుంటూ వకుళ తెర ముందు కూర్చుంది.

"దొరికింది డాక్టర్. వినిపించనా?" అంది యంత్రం.

"ఊఁ."

సన్నాయి మోత మధ్య ఓ ఆడగొంతు వినిపించింది. "ఫొటో తీస్తున్నారు, అటు తిరగవే. ఆ చెంప చూస్తే చర్మం డాక్టర్ కూతురికి ఇదేం మొహం అనరూ? నా పరువు తీసేట్టున్నావ్."

వకుళ గబుక్కున శబ్దం తగ్గించింది. ఆ గొంతు తనదే. చెల్లెలి పెళ్లిలో అని ఉంటుంది. అన్నట్టు కూడా గుర్తులేదు.

"పేషెంట్‌ను లేపనా? ఆమె వినాలి కదా."

"వద్దు."

"నియమం మీరు పెట్టిందే డాక్టర్."

"పెట్టింది నేనే, తీసేదీ నేనే. తుడిచెయ్!" సిగ్గుతో ఆమె ముఖం మండిపోయింది. "దాని సుఖం కోసమే," అని గొణిగింది. యంత్రం ఆ మాటను తుడిచేసింది.

నీలాంబరి లేచి, ముసుగు తీసి, అద్దంలో చూసుకుంది. "అమ్మా! నేను బాగానే ఉన్నాను కదా!" అంటూ పకపకా నవ్వింది. వకుళ ఏడుస్తూ కూతుర్ని వాటేసుకుంది.

"ఇంతకీ ఎవరమ్మా అన్నది?"

"ఎవరో పనిలేనివాళ్లు. పోనిద్దూ."

"ఆకలేస్తోంది, బీచ్‌లో ఏమైనా తిందాం పద!" అంటూ పిల్ల ముందుకు ఉరికింది. తలుపు తెరిస్తే వరండా నిండా జనం. వకుళ చటుక్కున కూతురి భుజం పట్టుకుని ఆపింది.

"ఆగవే, జుట్టు కాస్త ఇటు ముందుకేసుకో. చెంప ఎర్రగా కనబడుతోంది. వీళ్లంతా నా పేషెంట్లు."

నీలాంబరి నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి మెల్లగా చెంప మీదికి వెళ్లింది.