మీసం కింద పొక్కు

తెల్లారిందంటే ఆ ఇంట్లో ముందు బ్యాండు మేస్టారి మీసం లేచేది, తర్వాత మేస్టారు లేచేవాడు. దానికి ఒక దువ్వెన, ఒక నూనె సీసా, విడిగా ఒక అద్దం. ముక్కు కింద మొదలై దవడల దాకా పాకిన ఆ పొద వెనక ఆయనకు పై పెదవంటూ ఒకటుందని పెళ్ళానికి తప్ప మరో ప్రాణికి తెలియదు.

మీసం ముస్తాబయ్యాక వసారాలో బల్ల మీద వరసగా పేర్చిన బాకాలన్నిటినీ ముందు తానే ఊదాలి. తన నోరు సోకని బాకా పలకదని ఆయన నమ్మకం. ఆ తర్వాతే వాయించేవాళ్ళు చొక్కా అంచుతో తుడుచుకుని పెదవి పెట్టేవారు. తుడవకుండా పెట్టినవాడంటే మేస్టారికి మరీ ముద్దు.

ఆ రోజు అల్లుడి బాకా పెట్టె తెరిచాడు. అడుగున మెత్త గుడ్డ కింద మాత్రల అట్ట కనబడింది. పట్టుకుని వీధి చివర మందుల షాపుకి వెళ్ళాడు. షాపువాడు పేరు చదివి, ముసిముసిగా నవ్వి, చెవిలో ఏదో ఊదాడు. మేస్టారికి కావలసిందీ అదే. ఇల్లరికం వచ్చిన అల్లుడు తనకన్నా తీయగా వాయిస్తాడని నలుగురూ అనడం ఆయనకు పంటి కింద రాయిలా ఉంది మరి.

కూతురు జెరాక్సు షాపు తెరవడానికి బయల్దేరుతూ నిలబడే రొట్టె నములుతోంది. అట్ట వచ్చి ఆమె పళ్ళెంలో పడింది.

"చూసుకో తల్లీ, నీ మొగుడి నిర్వాకం! హెర్పిస్ అట. ఎక్కడ తిరిగితే అంటుకుంటుందో నా నోటితో చెప్పలేను. సాయంత్రం లోపల వీడు పెట్టె సర్దుకోవాలి. నా బ్యాండులో చోటు లేదు, నా ఇంట్లో అంతకన్నా లేదు."

అల్లుడు మొహం తుడుచుకుంటూ వచ్చాడు. కింది పెదవి మూల పొక్కు ఎండి చెక్కు కట్టింది. ఆమె అతణ్ణి కాలికంటిన పేడను చూసినట్టు చూసింది.

"ఎవతె?"

"ఎవతీ లేదు. చాలామందికి చిన్నప్పుడే ఎవరి ముద్దుతోనో, ఎంగిలితోనో వస్తుందంది డాక్టరమ్మ. నరంలో నక్కి పడుకుంటుందట. ఎండ తగిలినా, ఒళ్ళు అలిసినా లేచొస్తుంది."

"మరి దొంగతనంగా మింగడం ఎందుకో?"

"తెలిస్తే ఇదిగో, ఇలా ఉంటుందని."

మేస్టారు పకపకా నవ్వాడు. "నరంలో నక్కిందట! మందు మింగితే రోగం చావాలి కదయ్యా, మళ్ళీ మళ్ళీ ఎలా వస్తుంది?"

"చంపదు మావయ్యా. ఆ వైరస్ మన కణంలో దూరి తన కాపీలు తీయించుకుంటుందట, మీ అమ్మాయి షాపులో మిషన్ తీసినట్టు. ఈ మందు తప్పుడు కాగితంలా మధ్యలో ఇరుక్కుని ఆ పని ఆపేస్తుంది. అప్పటికే బయటపడ్డ కాపీల్ని వెనక్కి తేలేదు. అందుకే పెదవి చిమచిమలాడగానే వేసుకోవాలి, పొక్కు లేచాక అంత పనిచేయదు."

కాగితం ఇరుక్కుంటే మిషన్ ఎలా మొరాయిస్తుందో ఆమెకు తెలియనిది కాదు. కానీ ఏవగింపు చెవుల్ని కూడా మూసేస్తుంది.

"అబద్ధం అతకడానికి నా మిషనే దొరికిందా నీకు?" అంది.

అతను బాకా పెట్టె మూత వేయడానికి వంగాడు.

మేస్టారు మీసం మెలేశాడు. "ఇన్నేళ్ళుగా ఎండనపడి వాయిస్తున్నా. నా మూతికి ఏనాడైనా మచ్చ పడిందా? నడవడి బాగుంటే నోరూ బాగుంటుంది!"

సరిగ్గా అప్పుడే, వంటింట్లో గిన్నెల మోత మధ్య ఈ గొడవేమీ వినబడని అమ్మ, చిన్న గిన్నెలో వెన్న పట్టుకుని వచ్చింది.

"ఇదిగోనండీ. నిన్న ఊరేగింపు ఎండకి మళ్ళీ లేచిందన్నారుగా, పూసుకోండి."

"ఎక్కడ పూయడానికమ్మా?" అంది కూతురు నెమ్మదిగా.

"ఎక్కడేంటే, మీసం కింద! ఎండ పొక్కు. కాపరానికొచ్చినప్పట్నుంచీ ఇదేగా నా సేవ!"

కూతురు పళ్ళెం కింద పెట్టింది.

"మీసం ఎత్తు నాన్నా."

"ఏం కూశావే?"

"ఎత్తు. నీ నడవడి చూద్దాం."

ఆయన అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కూతురి మొహం చూసింది, అల్లుడి పెదవి మీద చెక్కు, మూసిన పెట్టె చూసింది, విషయం గ్రహించింది. మొగుడి చెయ్యి పక్కకి లాగి వెన్న వేలితో ఆ పొదను పైకెత్తింది. ఆవగింజలు గుత్తిగా అంటించినట్టు, ఎర్రటి మచ్చ మీద నీటి పొక్కులు.

"ఎవతె నాన్నా?" అంది కూతురు.

జవాబు అల్లుడి నుంచి వచ్చింది. "ఊరుకో. ఆయన్నలా అడక్కు. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో తేల్చలేమంది డాక్టరమ్మ."

ఇదే మాట ఇందాక అతణ్ణి తను అడిగినప్పుడు 'ఊరుకో' అన్నవాళ్ళు లేకపోయారని ఆమెకు తట్టింది. పళ్ళెంలోంచి అట్ట తీసి, రొట్టె పొడి దులిపి, అతని చేతిలో పెట్టేసరికి కళ్ళు నిండిపోయాయి.

"తిట్టు నన్ను."

"మూతి సాగదీస్తే చెక్కు చిట్లుతుంది. మానాక తీరిగ్గా తిడతాలే."

క్షమాపణ చెప్పేంత నోరు మేస్టారికి లేదు, ఉన్నదంతా ఊదడానికే సరిపోయేది. కాకపోతే పెళ్ళాం గదమాయించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మళ్ళీ ఊరేగింపున్న ఒక పొద్దున ఆయన బాకాల బల్ల ముందు ఊదకుండా నిలబడిపోయాడు.

"ఏంటి మావయ్యా?"

"ఇక్కడ... చిమచిమలాడుతోందయ్యా."

"మరి చూస్తారేం? మీకు రాసిచ్చిన మాత్ర వేసుకోండి."

లోపల్నుంచి అమ్మ అంది. "ఇన్నేళ్ళ వెన్నా రొట్టెకి రాసుకు తిన్నా ఒళ్ళు చేసేదాన్ని!"

మాత్ర మింగాక మేస్టారు అల్లుడి బాకా తీసుకున్నాడు. అలవాటుగా నోటి వైపు లేచిన చెయ్యి మధ్యలో ఆగింది. శుభ్రమైన గుడ్డతో తుడిచి, తల తిప్పుకుని చాచాడు.

"నువ్వే ఊదు."

కూతురు గడపలో నిలబడి చూస్తోంది.

బాకా పలికింది. ఆయన నోరు సోకకుండానే.