పన్నెండు జతల చెవులు

2091 నాటికి చెవుడు పెద్ద జబ్బేమీ కాదు, పిప్పిపన్ను పాటిది. జొన్నగింజంత యంత్రాన్ని చెవి వెనక అతికిస్తే అది శబ్దాలను ఏరి, నేరుగా శ్రవణనాడికి అందిస్తుంది. జనం దాన్ని గింజ అంటారు. విశాఖ రైతుబజారులో వంకాయలమ్మే ముసలమ్మకూ ఉంటుంది. లేనిదల్లా కొండ మీద సవరలకే.

కారణం గింజ పనిచేసే తీరులో ఉంది. ఏది మాటో, ఏది రొదో అది ముందు నేర్చుకోవాలి. గింజ పెట్టుకున్న మనిషి దేనికి తల తిప్పుతాడో, దేనికి చెవి ఒగ్గుతాడో అందులోని శ్రద్ధామాపకం, అంటే అటెన్షన్ సెన్సర్, కనిపెడుతుంది. మనిషి శ్రద్ధ పెట్టింది మాట, పెట్టనిది రొద. నేర్చుకున్నాక గింజ రొదను నొక్కేస్తుంది, చెవులు బాగున్నవాళ్ళకైనా సరే. సవర భాష నేర్పాలంటే ఎవరో ఒకరు గింజ పెట్టుకుని దాన్ని శ్రద్ధగా వినాలి. అందుకోసం సర్వభాషా శ్రవణ నిధి మంజూరైంది.

నిధికి అధ్యక్షుడు ఆచార్య ముక్కామల విద్యాధర్.

"గింజలు సవరలకే పెడదాం సార్. వాళ్ళ భాష వాళ్ళు వింటారు కదా," అంది ఇంజనీరు తస్లీమా.

"శాస్త్రీయ శిక్షణ లేనివాళ్ళు వింటే అది వినడమెలా అవుతుందమ్మా?" అన్నాడాయన.

పన్నెండుమంది పండితులతో సంఘం వేశాడు. కొండ మీద దోమలు కాబట్టి పదిమంది సవరలనే బీచిరోడ్డు హోటలుకు రప్పించారు. వాళ్ళు ఏసీ హాల్లో వణుకుతూ తమ విత్తనాల గురించి, పెళ్ళిళ్ళ గురించి, పోయిన పెద్దల గురించి చెప్పుకుపోయారు. చెవిటివాడి ముందు శంఖమూదడమంటే అదే. పండితులు గింజలు పెట్టుకుని జీడిపప్పు నములుతూ, మధ్యాహ్నం బిర్యానీయా పులిహోరా అని తర్కించుకుంటూ నాలుగు వందల గంటలు కూర్చున్నారు. చివరిరోజు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

తొలి గింజ సవర సుజనకని తేల్చారు. నాలుగేళ్ళ కిందట జ్వరమొచ్చి ఆమెకు చెవులు పోయాయి. ఆ తరవాత పుట్టిన కూతురికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. వచ్చేవి సవర మాటలే.

"మా పిల్ల గొంతు ఎలాగుంటాదో నాను వినలేదమ్మా," అంది సుజన, తస్లీమా గింజ అతికిస్తుంటే. "అదొక్కటి వినిపిస్తే సాలు."

ప్రారంభోత్సవానికి పన్నెండుమందీ గింజలు పెట్టుకునే వచ్చారు, ఫోటోల కోసం. విద్యాధర్ గంటసేపు మాట్లాడాడు. ఒక్కో ముక్కా సుజనకు చక్కగా వినబడింది. చప్పట్లూ వినబడ్డాయి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఆమె గడ్డం పట్టుకుని ఏదో అడిగింది. పెదవులు కదిలాయి, అంతే. పిల్ల మళ్ళీ అడిగింది, ఈసారి గట్టిగా. సుజన తల అడ్డంగా ఊపింది.

తస్లీమా చేతిలోని నియంత్రణ పలకను అడిగింది. "పాప మాట్లాడుతోంది. ఎందుకు వినిపించవు?"

"అది రొద," అంది యంత్రం మర్యాదగా. "నాలుగు వందల గంటలు గమనించాను. ఆ శబ్దానికి పన్నెండుమందిలో ఒక్కరూ తల తిప్పలేదు."

"అది భాష."

"భాషయితే ఎవరో ఒకరు వినేవారు కదండీ."

విద్యాధర్ కంగారు పడలేదు. అలాంటివాళ్ళు పడరు. "చిన్న విషయమమ్మా. పాపకు తెలుగు నేర్పిస్తే సరిపోతుంది. దానికి ఇంకో నిధి అడుగుదాం."

ఆ మాట కూడా సుజనకు చక్కగా వినబడింది. ఆమె లేచి, ఆయన ఎదుట నిలబడి సవరలో తిట్టడం మొదలుపెట్టింది. తస్లీమాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తిట్టుకు తర్జుమా అక్కర్లేదు, ఆమెకు తలెత్తలేనంత సిగ్గేసింది. విద్యాధర్ మాత్రం చిరునవ్వు చెదరకుండా కెమెరా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన గింజ దివ్యంగా పనిచేస్తోంది.

సుజన తన గింజను ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది. పిల్లను చంకనెత్తుకుని, దాని పెదవులే చూస్తూ మెట్లు దిగిపోయింది.

"ఆవిడ ఏమైనా అందా?" అని అడిగాడు విద్యాధర్.

"చాలా అంది సార్."

ఆయన అప్పటికే నివేదిక చెప్పి రాయిస్తున్నాడు. "లబ్ధిదారుకు ఆనందంతో నోట మాట రాలేదు."