ఆయన చూసేసిన ఊరు

రాత్రంతా విమానంలో కూర్చుని వాచిన కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. అయినా ఆమెకు హుషారుగానే ఉంది. నర్సుగా పనిచేసే కూతురు డ్యూటీ దిగి మధ్యాహ్నానికి గానీ ఇంటికి రాదు. పెట్టెలు పక్కవాటాలో అప్పగించి, అంతదాకా ఊరు చూద్దామని భార్యాభర్తలిద్దరూ రోడ్డెక్కారు.

ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆయన నడక మరొకరికి పరుగు. మలుపు దగ్గర ఆగి, ఆమె అందుకోగానే తీర్పు చెప్పేవాడు.

"అటు మార్కెట్టు. పూలూ, చేపలూ. ఏమంత లేదు, పద."

ఆమె మెడ సాచేలోగా ఆయన పక్క వీధిలో ఉన్నాడు.

"ఏమండీ, కాస్త ఆగండి."

"ఇలా ఆగుతూ పోతే ఊరంతా ఎప్పుడు చూస్తాం? అదిగో వంతెన. కింద నీళ్లు. అంతే. ఇటు రా."

ఆయన కుడివైపు తిరిగాడు. ఆమె తిరగలేదు. తిన్నగా వంతెన మీదికి వెళ్లి రెయిలింగ్ పట్టుకుని నిలబడింది.

కింద వరసగా పడవలు. ఒక దాంట్లో ఎవరో ముసలావిడ కుక్కకి స్నానం చేయిస్తోంది. అది విదిలించుకుంటే ఆవిడే తడిసి ముద్దయింది. పైనుంచి చూస్తున్న ఆమె ఫక్కున నవ్వింది. మరుక్షణం ఒళ్లు మండిపోయింది. ఇదా ఏమీ లేకపోవడం?

ఆయన రొప్పుతూ వచ్చాడు. "బుద్ధుందా నీకు? కొత్త ఊరు, భాష రాదు, తప్పిపోతే?"

"తప్పిపోలేదు. చూస్తున్నాను."

"నేను చూసే చెప్పాను కదా!"

"మీరు చూస్తే నేను చూసినట్టేనా? నాకు కళ్లు లేవా?"

దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆమె లెక్కచేయలేదు.

"మన ఊళ్లో ఇల్లు కొన్నప్పుడూ మీరే చూసొచ్చారు. కిటికీ లేని వంటింట్లో ఇన్నేళ్లూ నేను ఉడికాను. పోనీలే అనుకున్నా. కానీ పిల్ల ఇష్టపడ్డ అబ్బాయిని? వీడియో ఫోన్లో ఒక్క నిమిషం చూసి, 'పడవలు బాగుచేసేవాడా, ఏమంత లేడు' అని పెట్టేశారు. అది మీతో మాట్లాడి ఏడాదయింది. నేను వాడి ముఖమైనా చూడలేదు!"

"దాని మంచికే..."

"ఆ మాట అనకండి! ఇవాళ ఆ అబ్బాయి భోజనానికి వస్తున్నాడు. నేను తీరిగ్గా చూస్తాను, నచ్చిందో లేదో నా నోటితో నేను చెప్తాను. మధ్యలో మీరు నోరెత్తారో, మీరొక్కరే విమానమెక్కండి. నేను ఇక్కడే ఉండిపోతాను."

ఆయన బిత్తరపోయాడు. వచ్చి ఆమె పక్కన రెయిలింగ్ మీద చేతులు ఆనించాడు.

"ఆ రోజు ఆ కుర్రాడు నమస్కారం పెడుతూనే ఉన్నాడు, నేను ఫోన్ కట్ చేశాను," అన్నాడు. "సరిగ్గా చూడలేదే. చూస్తే నచ్చుతాడేమోనని భయమేసింది. నచ్చితే పిల్ల ఇక్కడే ఉండిపోతుంది కదా."

ఆమె కోపం పూర్తిగా దిగలేదు. "ఈ ముక్క నాతో కాదు, దాంతో చెప్పండి," అంది.

మధ్యాహ్నం తలుపు తీసిన కూతురు తల్లిని వాటేసుకుంది. తండ్రికి మాత్రం మంచినీళ్లిచ్చి, ముఖం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి గోడవారగా బిగుసుకుని నిలబడ్డాడు. భోజనాల దగ్గర ఆమె అతన్ని పని గురించీ, అమ్మానాన్నల గురించీ ఒక్కొక్కటే అడిగింది. అతను కూతురు నేర్పిన తెలుగులో తడబడుతూనే అన్నిటికీ దాపరికం లేకుండా చెప్పాడు. పెద్దాయన తల వంచుకుని తింటున్నాడు.

"నాకు నచ్చాడు," అంది ఆమె గట్టిగా.

వడ్డిస్తున్న కూతురి చెయ్యి ఆగిపోయింది. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన తలెత్తాడు.

"బాబూ, ఆ రోజు నీ నమస్కారం అందుకోకుండా ఫోన్ పెట్టేశాను. తప్పు నాదే. తినడం అయ్యాక నువ్వు పనిచేసే చోటు మీ అత్తయ్యకి చూపిస్తావా? మీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను."

"నాన్నా..." కూతురు గరిటె అక్కడే వదిలేసి, ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.