గుమ్మపాల పందెం

ఆదివారం ఎండ తగ్గింది. తూంకుంటలోని తమ ఇంటి గోడకు బిందు పిడకలు కొడుతోంది. కొత్త కాలనీ నుంచి వచ్చిన హరిచందన ముక్కు మూసుకుని నిలబడింది. ఇద్దరూ ఒకే క్లాసు.

"మీ గేదె పాలు నేను తాగను బాబూ! పేడ వాసన. మా పాకెట్ పాలే శుభ్రం."

బిందుకు చుర్రుమంది. "పాకెట్ల ఉండేటివి నీళ్ళు! మా గుమ్మపాలు తాగితే మస్తు బలమొస్తది. పందెమా? మా తమ్ముడు ఎంత ఇష్టంగ తాగుతడో సూపిస్త, ఆగు!"

మూడేళ్ళ తమ్ముడు అరుణ్‌ను కేకేసింది. పేడ చేతులు లంగాకు తుడుచుకుని బర్రె పక్కన గొంతుక్కూర్చుంది. పొదుగు కడగాలన్న మాటే మరిచిపోయింది.

"అరేయ్, నోరు తెర్వు!"

పాలధార చుయ్‌మని సగం వాడి నోట్లో, సగం ముక్కు మీద పడింది. వాడు కిలకిలా నవ్వి మళ్ళీ నోరు తెరిచాడు.

"సూసినవా? గెలిచిన!"

హరిచందన మూతి ముడుచుకుంది. "అరుణ్, మా పాలు కూడా తాగుదువుగాని రా" అని వాడిని ఇంటికి తీసుకెళ్ళి, ఒక గ్లాసు తాగించి పంపింది.

మర్నాడు బిందు బడి నుంచి వచ్చేసరికి అరుణ్ అమ్మ ఒళ్ళో వాడిన తోటకూర కాడలా పడి ఉన్నాడు. ఒకటే వాంతులు, మోషన్లు. అమ్మ దుర్గమ్మ కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"గా పాకెట్ పాలే కొంప ముంచినయ్!" అవ్వ సత్తమ్మ మెటికలు విరిచింది. "నిన్న గా కాలనీ పోరి తాపిచ్చిందట. ఇగ ఆ పిల్ల మన గడప తొక్కొద్దు!"

బిందుకు చెప్పాలనే ఉంది. కానీ అవ్వ కోపం చూసి, ఆటో పిలవడానికి వీధిలోకి పరుగెత్తింది.

ఆటోలో శామీర్‌పేట దవాఖానకు వెళ్ళారు. దారంతా అమ్మ "కొమురెల్లి మల్లన్నా, నా కొడుకును సల్లగ సూడు" అంటూనే ఉంది.

"నిన్న ఏం పెట్టారమ్మా వీడికి?" అడిగింది డాక్టరమ్మ.

"పాకెట్ పాలు తాగిండు, మేడం" అంది అమ్మ.

బిందు తమ్ముడి వైపు చూసింది. వాడి పెదవులు ఎండిపోయాయి. ఉన్నది చెప్పకపోతే వీడికి తప్పు మందు ఇస్తారేమో!

"కాదమ్మా! నేనే పొదుగు కాడ వాని నోట్లకు పాలు పిండిన. పిడకలు కొట్టిన చేతులే. కడుక్కోలే."

అమ్మ చెయ్యి పైకి లేచింది. బిందు మొహం చూసి మెల్లగా దించేసింది.

"చెప్పి మంచి పని చేశావు" అంది డాక్టరమ్మ. "పాకెట్లో నింపే పాలను ముందే వేడి చేసి చల్లారుస్తారు. మీ ఇంట్లో ఆ పని మీ పొయ్యి చెయ్యాలి. పచ్చిపాలల్లో బలంతో పాటు క్రిములూ ఉండొచ్చు కదా! భయం లేదమ్మా. ఈ ఓఆర్‌ఎస్ పొడిని కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెం తాగించండి."

ఇంటికొచ్చాక బిందు చెంచా వదల్లేదు. రాత్రి బాగా పొద్దుపోయాక అరుణ్ ఆ చెంచాను తోసేశాడు.

"గిది వద్దు. బువ్వ పెట్టు!"

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. బిందును కూడా దగ్గరకు లాక్కుంది. "బలమట, బలం! నా పానం పోయినంత పనైంది గదనే!"

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "గా పిల్లను ఉత్తగనే తిట్టిన. పిలుసుకరా పో, రేపు."

మరునాడు సాయంత్రం అరుణ్ బర్రె పక్కన చేరి నోరంతా తెరిచాడు. "అక్కా, చుయ్!"

"ఇగ చుయ్ లేదు, గియ్ లేదు. లే!"

బిందు సబ్బుతో చేతులు కడుక్కుంది. పొదుగు కడిగింది. పితికిన పాలను అమ్మ పొయ్యి మీద పెట్టింది. హరిచందన కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"పాకెట్ పాలైనా మా అమ్మ కాచే ఇస్తుందే" అంది మెల్లగా.

పాలు వేడెక్కి వాసన వచ్చింది. అరుణ్ గ్లాసు చాపాడు.

"ఇంక కాగలే, ఆగు" అని బిందు వాడి చెయ్యి పట్టుకుంది.

పాలు బుసబుసా పొంగాయి. చల్లారాక బిందు మొదటి గ్లాసు హరిచందనకు ఇచ్చింది. ఆ పిల్ల వాసన చూసి, గుటక వేసి, గ్లాసు ఖాళీ చేసింది.

పాల మీసంతో అరుణ్ అప్పటికే రెండో గ్లాసు అడుగుతున్నాడు.