‘మీరు’ అన్న అమ్మాయి

స్వందీస్ నాతో అన్న మొదటి మాట ‘మీరు’.

తిట్టి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఐస్‌లాండ్‌లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ ‘మీరు’ అనరు. మంత్రినైనా, డాక్టరునైనా, పక్కింటి పెద్దాయననైనా ‘నువ్వు’ అనే అంటాం. ఆ పాత మర్యాద మా తాతలతోనే పోయింది. ఇవాళ ఎవరైనా దాన్ని పనిగట్టుకుని బయటికి తీశారంటే, ఎదుటివాణ్ణి గుమ్మం అవతలే నిలబెట్టడానికి.

“మీరు ఈ గేటు దాటకూడదు,” అంది.

వాన అడ్డంగా కొడుతోంది. ఉన్ని స్వెట్టరు, మోకాళ్ళదాకా బురద, ముక్కు కొన మీద ఒక వానచుక్క. కొండ మీది మేత భూమికి పోయే గేటుకి వీపు ఆనించి నిలబడింది. నేను చూడాల్సింది గేటుని. చూస్తున్నది ఆ చుక్కని.

“పైన గాలి కొలిచే స్తంభం ఉంది. పది నిమిషాల పని,” అన్నాను.

“ఎవరి గాలి?”

“అంటే?”

“కొలుస్తున్నారుగా! ఎవరిదో తెలుసుకోకుండానే కొలిచేస్తారా?”

నాకు రోషం వచ్చింది. మర్యాదకి మర్యాదే ఇద్దామనుకున్నాను. కానీ అలవాటు లేని నాలుక కదా.

“మీరు... మీరు కాస్త పక్కకి తప్పుకుంటావా?”

పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది. గేటు మాత్రం తియ్యలేదు.

ముద్దగా తడిసి, గాలిమరలు పెట్టే మా కంపెనీ నాకోసం అద్దెకి తీసుకున్న గది వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ లోయలో అద్దెకిచ్చే గది ఒక్కటే ఉంది. తలుపు తీసింది ఆమే.

“ఓర్రి అంటే మీరేనా?” నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “నాన్నా! విదేశీ కంపెనీ వచ్చింది. ఒక తువ్వాలు పట్రా!”

“కంపెనీ ఎక్కడైనా తడుస్తుందా? తడిసింది పిల్లాడు,” అంటూ వాళ్ళ నాన్న ఇంగ్వార్ వేడి వేడి మాంసం పులుసు నా ముందు పెట్టాడు. “దీని ‘మీరు’కి బెదరకు. మా అమ్మ కూడా ఇంతే. మా నాన్నని రెండేళ్ళు మీరు, మీరు అంటూ తిప్పింది. ఒకరోజు నోరు జారి ‘నువ్వు’ అంది. అంతే, ఆ వారమే పాస్టరు దగ్గరికెళ్ళి పెళ్ళి తేదీ అడిగొచ్చారు. మా ఇంట్లో ఆ మాట అంత ఖరీదు.”

“నాన్నా, ఆ కథ ఇప్పుడు అవసరమా?” అంది స్వందీస్.

ఆదివారం ఓటింగు. ఆ కొండ ఇరవై మూడిళ్ళ ఉమ్మడి సొత్తు. దాన్ని నలభై ఏళ్ళ కౌలుకి మా కంపెనీకి రాసివ్వాలా వద్దా అన్నది తేలాలి. ఇంగ్వార్ ఇంకా ఎటూ తేల్చుకోలేదు. గొర్రెల కొట్టం కప్పు పాడైపోయింది, కౌలు డబ్బొస్తే బాగుచేయించుకోవచ్చని ఆయన ఆశ. స్వందీస్‌కి ఆ కొండ తప్ప వేరే బతుకు లేదు. వేసవంతా ఆమె మంద అక్కడే మేస్తుంది.

“మీకు గాలిమరలంటే అంత కోపమా?” అని అడిగాను ఒక పొద్దున.

“మరల మీద నాకేం కోపం? మన నదుల మీద తీసే కరెంటు మన దేశానిదేగా! మన దేశంలో వీచే గాలికి ఎక్కడో కూర్చున్నవాళ్ళు సొంతదార్లేంటి?” అంది. ఆ వెంటనే పొడి మేజోళ్ళ జత ఒకటి నా ఒళ్ళోకి విసిరింది. “ఇవి వేసుకోండి. మీ తుమ్ములకి కొండ మీది గొర్రెలు కూడా బెదురుతున్నాయి.”

నాకు ఆ అమ్మాయి నచ్చింది. చాలా నచ్చింది. ఆమె కొండని లాక్కునే వాళ్ళ జీతం తింటున్నానన్న సంగతి, ఆ మేజోళ్ళు వేసుకున్నప్పుడల్లా గుచ్చుకునేది.

ఆదివారం మధ్యాహ్నం ఊరి హాలు నిండిపోయింది. ఆఫీసువాళ్ళు పంపిన రెండు పేజీల ఒప్పంద సారాంశం చదివి కూర్చోవడమే నా పని. చదివాను. స్వందీస్ లేచింది.

“మీరొక్కటి చెప్పండి. ఈ ఒప్పందాన్ని రేపు వాళ్ళు ఇంకెవరికైనా అమ్ముకోవచ్చా? మమ్మల్ని అడగకుండా?”

ఆ ప్రశ్న వస్తే ‘తర్వాత చూద్దాం’ అనమని ఆఫీసులో ముందే చెప్పి పంపారు. ఆమె నన్నే చూస్తోంది. ఆ చూపులో వెటకారం లేదు, భయం ఉంది. ఆమెలో భయం చూడటం నాకు అదే మొదటిసారి.

“అమ్ముకోవచ్చు,” అన్నాను. “అసలు ఒప్పందంలో, ముప్పై ఏడో పేజీలో ఆ మాట ఉంది. ఎవరికైనా అమ్ముకోవచ్చు, మీలో ఒక్కరినీ అడగక్కర్లేదు. ఈ రెండు పేజీల్లో అది రాయలేదు.”

హాల్లో కలకలం మొదలైంది. వద్దంటూ ముందుగా లేచిన చెయ్యి ఇంగ్వార్‌ది. పందొమ్మిది ఇళ్ళు వద్దన్నాయి, నాలుగు కావాలన్నాయి. కాసేపటికే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఇక పనిలోకి రానక్కర్లేదని.

సంచీ సర్దుకుని కిందికి దిగాను. వంటింట్లో ఇంగ్వార్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. స్వందీస్ బూట్లకి నూనె రాస్తోంది.

“ఎప్పుడు బయల్దేరుతున్నారు?” తలెత్తకుండా అడిగింది.

ఇంకా ‘మీరే’.

“ఇప్పుడే.”

“ఉద్యోగం పోయిందటగా?”

“పోయింది.”

ఇంకాస్త నూనె రాసింది. రాసిన చోటే మళ్ళీ రాసింది.

“రేపు మందల్ని కొండ దించాలి. మనుషులు చాలడం లేదు.”

“నాకు గొర్రెల పని తెలీదు.”

“గాలి సంగతి తెలుసుగా. ఎటు వీస్తుందో చెబితే చాలు.” ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. “వస్తావా నువ్వు?”

ఇంగ్వార్ చేతిలో కత్తి ఆగింది.

“ఏమన్నావమ్మా?”

“ఏం లేదు. గొర్రెల గురించి అడుగుతున్నా!”

“మా అమ్మ కూడా ఆరోజు గొర్రెల గురించే అడిగింది,” అన్నాడాయన.

“నాన్నా!”

“మీరు పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను?” అన్నాను. ఈసారి వ్యాకరణం తప్పలేదు.

నూనె గుడ్డ వచ్చి నా మొహానికి తగిలింది. అది తీసి చూసేసరికి ఇంగ్వార్ నా సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాడు.